ఇనప బాండీ ముందు ఒక ఆదివారం

ఆదివారం పొద్దున ఆరున్నర. విజయవాడ కృష్ణలంకలో మటన్ కొట్టు ముందు వరసలో మీరు నాలుగోవారు. కృష్ణా నది మీంచి వచ్చే గాలి ఇంకా చల్లగానే ఉంది. ఇంకో గంట పోతే ఉండదు. చింతమొద్దు మీద కత్తి దిగుతోంది. టక్, టక్, టక్. ముందున్న పెద్దాయన కిలో కూరముక్కలు తీసుకుని పక్కకు తప్పుకున్నారు. కత్తి ఇప్పుడు మీకోసం లేచింది.

"ఎంతండీ?"

"అరకిలో. కానీ ముక్కలు కొట్టొద్దన్నా."

కత్తి గాల్లోనే ఆగుతుంది. వెనక ఎవరో విసుగ్గా దగ్గుతారు. ఆదివారం రద్దీలో ఇలాంటి కోరిక కోరడానికి కొంచెం ధైర్యం కావాలి. మొహమాటపడి "సరే, కూరముక్కలే ఇవ్వు" అన్నారా, ఇవాళ్టి వంట ఇక్కడే అయిపోయినట్టు.

"వెనక తొడలోంచి, ఎముక లేకుండా రెండు పలకలు కోసివ్వన్నా. బొటనవేలంత మందం ఉండాలి."

"దేనికండీ?"

"ఫ్రైడ్ రైస్‌కి."

"దానికి చికెన్ కదండీ వేస్తారు!" అంటూనే కొక్కేనికున్న తొడను దింపి మొద్దు మీద వేస్తాడు.

కొయ్యకముందే మీరు వంగి చూడండి. మాంసం లేత ఎరుపులో ఉండి, కొవ్వు తెల్లగా ఉంటే లేత మేక. రంగు నల్లగా తిరిగి కొవ్వు పసుపు పట్టి ఉంటే ముదురు. ముదురుది కుక్కర్‌కి బాగుంటుంది, పులుసుకి ఇంకా బాగుంటుంది. ఈ పనికి మాత్రం వద్దు. ఇవాళ మాంసం మంట మీద ఉండేది నిమిషాల్లో లెక్క. ముదురు ముక్క ఆ కాసేపట్లో మెత్తబడదు.

మీది లేతదే. చాకు నెమ్మదిగా దిగుతుంది. రెండు పలకలు వస్తాయి, అరచేయంత వెడల్పున.

ఇలా మందంగా కోసిన పలకనే ఇంగ్లిషువాళ్ళు స్టేక్ అంటారు. అమెరికాలో అది చాలావరకు గొడ్డుమాంసం. మండే పెనం మీద పలకను పలకగానే కాల్చి, కాసేపు ఆగి, అప్పుడు కోస్తారు. రాత్రి మిగిలిన అన్నంలో ఆ ముక్కలు వేసి వేయిస్తే స్టేక్ ఫ్రైడ్ రైస్. మన రాష్ట్రంలో గోవధను నిషేధిస్తూ 1977 నుంచి చట్టం ఉంది. పెద్దమాంసం వండుకునే ఇళ్ళవాళ్ళు గేదె మాంసంతో ఇదే పద్ధతిలో చేసుకోవచ్చు. మీ ఇంట్లో ఆదివారం అంటే మేక. కాబట్టి మేక తొడ.

సంచి పట్టుకుని ఇంటిదారి పట్టండి. మలుపులో కూరల బండి దగ్గర ఒక కట్ట ఉల్లికాడలు, నాలుగు పచ్చిమిరపకాయలు, చిన్న పచ్చి బొప్పాయి. క్యారెట్, బీన్స్, క్యాబేజీ కూడా చెయ్యి చాపితే అందుతాయి. వాటి జోలికి పోకండి. సాయంత్రం బండ్ల మీద కొట్టే ఫ్రైడ్ రైస్‌లో క్యాబేజీ బాగుంటుంది, ఎందుకంటే అక్కడి మంట దాని నీళ్ళను క్షణంలో ఎగరగొడుతుంది. మీ ఇంటి పొయ్యికి అంత శక్తి లేదు. ఇవాళంతా మీ పోరాటం నీటితోనే.

ఇంటికొచ్చి ఫ్రిజ్ తలుపు తీయండి. కింది అరలో వెడల్పాటి స్టీలు బేసిన్. మూత తీసి వేళ్ళు పెట్టండి. చల్లగా, గట్టిగా, ఇసకలా తగులుతుంది అన్నం. రెండు వేళ్ళతో నలిపితే మెతుకు మెతుకుగా విడిపోతుంది. నిన్న రాత్రి మీరు చేసిన పని ఇది. రెండు గ్లాసుల పాత బియ్యాన్ని నీళ్ళు తేటపడేదాకా కడిగి, రోజూ పోసేకంటే పావుగ్లాసు తక్కువ నీళ్ళు పోసి వండారు. వేడిగా ఉండగానే పెద్ద పళ్ళెంలో పరిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, గంట తిరక్కుండా ఫ్రిజ్‌లో పెట్టేశారు. చల్లబడే కొద్దీ అన్నంలోని పిండిపదార్థం బిగుసుకుంటుంది. పైతడి ఆరిపోతుంది. అందుకే ఇప్పుడు మెతుకు మెతుకును అంటుకోవడం లేదు.

బియ్యం మీ జిల్లాలవే. 1986లో బాపట్ల వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి. కృష్ణ మీద 1855లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దాని దగ్గర బయల్దేరే కాలువ నీళ్ళే ఈ వరి పండే డెల్టా పొలాలకు పారుతాయి. ఫ్రైడ్ రైస్‌కి బాస్మతే ఉండాలని ఎవరైనా అంటే వినకండి. బాగా పాతబడిన సన్నబియ్యం ఉడికాక పొడిపొడిగా విడుతుంది. నోట్లో పొట్టిగా, గట్టిగా తగిలే ఆ మెతుకే మాంసం రసాన్ని ఎక్కువ పట్టుకుంటుందని నా నమ్మకం.

"అంత కొంచెమే తీశావేం? నలుగురం ఉన్నాం" అంటుంది అమ్మ వెనకనుంచి. "గట్టు మీద గిన్నెలో ఇంకాస్త ఉంది, రాత్రిది. అదీ కలిపెయ్."

గిన్నె మూత తీస్తారు. తెల్లగా ఉంది. వాసన చూస్తారు. ఏ వాసనా లేదు. పారేయడానికి చెయ్యి రాదు. మీ ఇంట్లో అన్నం పారేయడమంటే తప్పు చేసినంత. ఎలాగూ భగభగమనే బాండీలో వేయిస్తాం కదా, ఏమవుతుంది?

ఆగండి. రాత్రంతా ఆ గిన్నె విజయవాడ వేడిలో ఉంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి, అవి అన్నం ఉడికినా చావవు. వెచ్చటి తడి దొరికితే మొలకెత్తి, పెరిగి, విషాన్ని వదులుతాయి. వాంతులు పుట్టించే ఆ విషం మళ్ళీ వేయించినా పోదు. రంగు మారదు, వాసన రాదు. వైద్యంలో దీనికి ఫ్రైడ్ రైస్ సిండ్రోమ్ అనే పేరే పడింది. తింటే కొన్ని గంటల్లోనే వాంతులు మొదలవుతాయి.

గిన్నె పక్కన పెట్టేయండి. "ఉన్నదే నలుగురికీ సర్దుదాం అమ్మా" అనండి. ఆవిడ ముఖం చిట్లిస్తుంది. ఫరవాలేదు.

ఇప్పుడు మాంసం. బొప్పాయి కాయ కొంచెం తురిమి, ఒక్క చెంచా, ఒక్కటంటే ఒక్కటే, పలకల రెండు వైపులా రాయండి. దానిలోని పపైన్ మాంసపు పీచును కరిగిస్తుంది. అరగంట చాలు. మరచిపోయి రెండు గంటలు ఉంచితే పైభాగం పిండిలా అయిపోతుంది. అయినా ఇది పైపైనే పనిచేస్తుంది. లోపలి పీచు సంగతి తర్వాత చాకు చూసుకుంటుంది.

అరగంట అయ్యింది. తురుము మొత్తం తుడిచేయండి. పొడి నూలుబట్ట తీసుకుని పలకలను అద్దండి. బట్ట తడుస్తుంది. ఇంకో బట్ట. మళ్ళీ అద్దండి. వేలితో రాస్తే జారకూడదు, కాగితంలా తగలాలి. ఇంత పట్టుదల ఎందుకంటారా? ముక్క మీద తడి ఉన్నంతసేపు అక్కడి వేడి నీళ్ళు మరిగే 100 డిగ్రీలు దాటదు. మీకు కావలసిన ఆ ముదురు గోధుమరంగు, ఆ కాల్చిన వాసన, సుమారు 140 డిగ్రీలు దాటాకే పుడతాయి. తడి ముక్క వేస్తే ఉడుకుతుంది, కాలదు.

ఉప్పు, దంచిన మిరియాలు వేళ్ళతో అద్దండి. సిద్ధం.

గట్టు మీద అన్నీ పేర్చుకోండి. విడదీసిన అన్నం. గిలకొట్టిన మూడు గుడ్లు. సన్నగా తరిగిన వెల్లుల్లి, పచ్చిమిర్చి. ఉల్లికాడల తెలుపు ఒకవైపు, ఆకుపచ్చ ఇంకోవైపు. చిన్న గిన్నెలో రెండు చెంచాల సోయా సాస్. మంట పెట్టాక వెతుక్కునే తీరిక ఉండదు. బాండీని పూర్తిగా కప్పే స్టీలు మూత కూడా తీసి, కుడిచేతి పక్కన పెట్టండి. ఎందుకు అని ఇప్పుడు అడగకండి.

నాన్‌స్టిక్ బాండీ వద్దు. అంత వేడికి దాని పూత పాడై పొగలు వదులుతుంది. అటక మీదనుంచి అమ్మమ్మగారి ఇనప బాండీ దించండి. పెద్ద పొయ్యి మీద పెట్టండి. కిటికీ తెరవండి. మంట పూర్తిగా పెంచండి.

ఖాళీ బాండీ నిశ్శబ్దంగా వేడెక్కుతోంది. ముఖానికి సెగ తగులుతోంది. వేలు తడిపి ఒక్క చుక్క విదిలించండి. సుయ్‌మని ఆవిరైపోయింది. ఇంకా చాలదు. ఒక నిమిషం. మళ్ళీ ఒక చుక్క. ఈసారి ఆవిరి కాలేదు. పాదరసంలా గుండ్రటి ముత్యమై బాండీలో అటూ ఇటూ పరుగెడుతోంది. దాని కిందే ఆవిరి పరుపు ఏర్పడి దాన్ని మోస్తోంది. ఇదీ మీకు కావలసిన వేడి.

తడి పూర్తిగా ఆరనివ్వండి. ఒక చెంచా వేరుసెనగ నూనె. పలకను మీకు దగ్గరి అంచునుంచి అవతలికి వాలుస్తూ పరవండి, నూనె చిందినా మీ వైపు రాదు.

సుఁయ్!

ఆ చప్పుడు ఆగకూడదు. కదపాలని చెయ్యి లాగుతుంది. కదపకండి. రెండు నిమిషాలు. అంటుకుపోయినట్టే ఉంటుంది, రంగు పట్టాక తనే వదిలేస్తుంది. అట్లకాడ అంచుతో ఎత్తి చూడండి. వేగిన పూర్ణం బూరె రంగు. తిప్పండి. ఇంకో రెండు నిమిషాలు. తీసి పళ్ళెంలో పెట్టండి. ఇప్పుడు రెండో పలక. రెండూ ఒకేసారి వేసి ఉంటే బాండీ చల్లారి, నీళ్ళు ఊరి, రెండూ బూడిదరంగులో ఉడికిపోయేవి.

"ఏం వాసన!" అంటోంది చెల్లి హాల్లోంచి. కోసి చూడాలని ఉంది. అయిదు నిమిషాలు ఆగండి. వేడి మీద కోస్తే రసమంతా పళ్ళెంలో పారుతుంది.

ఈలోగా గుడ్లు. బాండీలో కాస్త ఎక్కువే నూనె పోశారు, గుడ్డు అంటుకోకూడదని. మంట తగ్గించలేదు. ఉల్లికాడలు సర్దడానికి ఇటు తిరిగారు. అరనిమిషం. అటు చూసేసరికి నూనెలోంచి సన్నగా నీలిపొగ.

సాయంత్రాలు ఫ్రైడ్ రైస్ బండి దగ్గర నిలబడి మీరు చూసినది గుర్తొస్తుంది. మాస్టర్ ఒంటిచేత్తో బాండీ వంచి, నూనెను గుండ్రంగా అంచులదాకా తిప్పుతాడు. మీరూ చెవి పట్టుకుంటారు. వంచుతారు.

కొంచెం ఎక్కువ వంగింది.

నూనె అంచు దాటింది. ఒక ధార. పొయ్యి మంట దాన్ని అందుకుంది.

భగ్!

పసుపు మంట బాండీలోకి పాకింది. మూరెడు ఎత్తు. ముఖం మీద వేడి చరిచింది. కనుబొమలు కమిలిన వాసన. వెనక్కి దూకారు. అమ్మ అరిచింది.

సింకు పక్కనే ఉంది. చెంబు నిండా నీళ్ళు. చెయ్యి దానిమీద పడింది.

వద్దు.

నీళ్ళు వద్దు. నీళ్ళు నూనె కిందికి దిగుతాయి. క్షణంలో ఆవిరవుతాయి. ఒక వంతు నీళ్ళు దాదాపు 1,700 వంతుల ఆవిరి. అది మండే నూనెను కప్పుదాకా ఎగజిమ్ముతుంది. మీ మీదికి. అమ్మ మీదికి.

చెంబు వదలండి.

బాండీ ఎత్తకండి. బయటికి మోసుకెళ్ళాలనిపిస్తుంది. ఒలికితే కాళ్ళు కాలతాయి.

నాబ్. చెయ్యి కిందనుంచి. తిప్పండి. ఆగింది.

మూత. కుడిపక్క. ఉంది. డాలులా మీ ముందు పట్టుకోండి. ఇటునుంచి అటు జరపండి. మూయండి.

చీకటి.

మూత అంచున ఒక నాలుక. ఆరింది. పొగ. ఇంకేం లేదు.

మూత తీయకండి. లోపలి నూనె ఇంకా మండేంత వేడిగా ఉంది, గాలి తగిలితే మళ్ళీ అంటుకుంటుంది. సిలిండర్ దగ్గరికి వెళ్ళి రెగ్యులేటర్ కట్టేయండి. మూత మంటను ఆపకపోయినా, నాబ్ చేతికి అందకపోయినా మీరు చేయవలసింది ఒక్కటే: అందర్నీ తీసుకుని బయటికి పరుగెత్తి 101కి ఫోన్ చేయడం.

బాండీ చల్లారేదాకా కూర్చోండి. చేతులు వణుకుతున్నాయి. చెల్లి మంచినీళ్ళు తెచ్చిస్తుంది. అమ్మ ఏమీ అనదు, మీ ముఖం తిప్పి చూసి కాలిన చోటు లేదని నిర్ధారించుకుంటుంది.

"ఇక చాలు, బయటినుంచి తెప్పించుకుందాం" అంటుంది.

పళ్ళెంలో పలకలు అలాగే ఉన్నాయి. అన్నం అలాగే ఉంది. ఏం చేస్తారు?

బాండీ పూర్తిగా చల్లారింది. మాడిన నూనె వంపేసి, పొడిబట్టతో తుడవండి. పొయ్యి చుట్టూ చిందిన నూనె కూడా. ఒక్క మరక మిగలకూడదు. ఆ పని మధ్యలోనే మీకు అర్థమవుతుంది, బండి మాస్టర్ చేసేది మీ వంటింట్లో ఎందుకు కుదరదో. అతనిది హైప్రెషర్ పొయ్యి, గాలి ఆడే రోడ్డు, ఏళ్ళ తరబడి అలవాటైన మణికట్టు. మీ 14.2 కిలోల సిలిండర్ మీది రెగ్యులేటర్ గ్యాస్ ఒత్తిడిని బాగా తగ్గించి పంపుతుంది, ఇంటి భద్రత కోసమే. ఆ మంటను మీరు పెద్దది చేయలేరు. బాండీలో వేసేది తగ్గించగలరు.

అందుకే ఈసారి సగం సగం.

ముందు పలకలు కోయండి. పీచు ఎటు పోతోందో చూడండి, నిలువు గీతల్లా కనిపిస్తుంది. దానికి అడ్డంగా, పల్చగా. పీచు వెంట కోస్తే ప్రతి ముక్కా నారలా సాగుతుంది. అడ్డంగా కోస్తే పొడుగు పీచు తునకలై పంటికింద విడిపోతుంది. లోపల ఇంకా గులాబీరంగు ఉంది. కంగారు పడకండి, మళ్ళీ బాండీలోకే పోతాయి. పళ్ళెంలో ఊరిన రసం పారబోయకండి. అది బంగారం.

బాండీ వేడెక్కింది. పైన కమ్మటి సెగ తప్ప పొగ లేదు. మీరు కదలకుండా అక్కడే నిలబడ్డారు. ఒక చెంచా నూనె. అట్లకాడతోనే అంచులకు రాయండి. సగం గుడ్డు పోయండి. ఉబ్బింది. పూర్తిగా గట్టిపడకముందే వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లికాడల తెలుపు. పది క్షణాలు. సగం అన్నం.

చప్పుడు వినండి. అన్నం పడగానే తగ్గింది. చల్లటి మెతుకులు బాండీ వేడిని లాగేసుకున్నాయి. ఎగరేయకండి. పరిచి, నొక్కి, వదిలేయండి. అరనిమిషంలో చిటపట మళ్ళీ మొదలైంది. తిరగేయండి. మళ్ళీ పరవండి. మళ్ళీ వదిలేయండి. మూడోసారికి మెతుకులు గంతులు వేస్తున్నాయి. మొత్తం అన్నం ఒకేసారి వేసి ఉంటే ఆ చిటపట తిరిగొచ్చేదే కాదు, ఆవిరి పట్టి ముద్దయ్యేది.

ఇప్పుడు మాంసం, సగం. పళ్ళెంలో రసం, సగం. గులాబీరంగు పోయేదాకా తిప్పండి. సోయా సాస్‌ను అన్నం మీద కాదు, బాండీ అంచున పోయండి. కాలిన ఇనుము మీద పడి బుసకొట్టి, చిక్కబడి, అప్పుడు అన్నంలోకి దిగుతుంది. వాసన మారిపోయిందా? ఉప్పు చూడండి, సాస్‌లో ముందే ఉంది. ఉల్లికాడల ఆకుపచ్చ చల్లండి. పొయ్యి కట్టేయండి. కలిపి దించండి.

అజినోమోటో పొట్లం అరలోనే ఉండనివ్వండి. కాల్చిన మాంసం రసం ఉన్నచోట నాకు దాని అవసరం ఎప్పుడూ కనిపించలేదు.

మిగతా సగం కూడా ఇలాగే. ఈసారి చెయ్యి వణకదు.

నాలుగు కంచాలు. అమ్మ మొదటి ముద్ద కలుపుకోబోయి, ఇది కలుపుకునేది కాదని గుర్తొచ్చి, వేళ్ళతో అలాగే ఎత్తి నోట్లో పెట్టుకుంది. నములుతోంది. మీరు ఆవిడ దవడవంకే చూస్తున్నారు. ముక్క తెగింది. పెద్దగా నమలాల్సిన పని లేకుండానే తెగింది.

"మిరియాలు ఇంకాస్త పడాలి" అంది. ఇంకో ముద్ద ఎత్తింది.

మీ కంచంలో వెచ్చటి అన్నం. ఒక్కో మెతుకుకీ కాస్త పొగవాసన, మధ్యలో అంచు కరకరలాడే మాంసం. కనుబొమ దగ్గర ఇంకా చురుకు. చెల్లి బాండీ అడుగున పట్టిన మెతుకులు గోకుతోంది. మిగల్చడానికేమీ లేదు. మీ ఇంట్లో మిగిలితే మాత్రం రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇదంతా చదివి వచ్చే ఆదివారం మీరూ బాండీ దించుతారు కదా. ఇప్పుడే ఒకసారి వంటింట్లోకి వెళ్ళండి. మీ బాండీని అంచులదాకా కప్పే మూత ఏదో వెతికి, పొయ్యి పక్కన చేతికందే చోట పెట్టి రండి.